బొమ్మ రాకపోతే ముందు చూడవలసింది టీవీని కాదు

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ప్రేక్షకుల కోసం)

మబ్బు పట్టిందంటే మన డెల్టా పల్లెల్లో రెండు దిగుళ్లు మొదలవుతాయి. కళ్లంలో ధాన్యం తడుస్తుందేమోనని ఒకటి, టీవీ ఆగిపోతుందేమోనని మరొకటి. మొదటిదానికి పరదాలున్నాయి. రెండోదానికి చాలామందికి తెలిసిన వైద్యం ఒక్కటే, టీవీ నెత్తిన అరచేత్తో నాలుగు చరుపులు చరచడం. పాత గొట్టం టీవీల రోజుల్లో ఆ వైద్యం అప్పుడప్పుడు పనిచేసేది. లోపల వదులైన టంకం అతుకు ఆ అదురుకు కదిలి అంటుకునేది. ఇప్పుడు గోడకు తగిలించే పలచటి టీవీలకు ఆ దెబ్బ తగిలితే పగిలేది తెర. ఖర్చు వేలల్లో ఉంటుంది.

అసలు సంగతేమిటంటే బొమ్మ రాకపోయినా, మాట వినపడకపోయినా తప్పు టీవీలో ఉండటం తక్కువ. డాబా మీది డిష్ నుంచి తెర దాకా వచ్చే దారిలో వైరులోనో, అతుకులోనో, బాక్సులోనో, రిమోట్‌లో ఎవరో నొక్కి వదిలేసిన మీటలోనో ఉంటుంది. అది తెలియక టీవీని దుప్పట్లో చుట్టి ఆటోలో రిపేరు షాపుకు మోసుకుపోయేవారు ఇంకా ఉన్నారు. షాపులో తగిలించగానే అది భేషుగ్గా పలుకుతుంది. రానూపోనూ ఆటో కిరాయి, ఒకరోజు కూలి పోగొట్టుకుని ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే నల్లతెర.

దోషం ఎక్కడుందో ఎవరినీ పిలవకుండా ఇంట్లోనే తేల్చే ఉపాయం ఒకటుంది. బాక్సు రిమోట్ మీద 'మెనూ' అనే మీట నొక్కండి. తెర మీద అక్షరాల పట్టిక స్పష్టంగా కనపడితే మీ టీవీ బాగున్నట్టే. బాక్సుకూ టీవీకీ మధ్య వైరు కూడా బాగున్నట్టే. దోషం బాక్సుకు అవతల, డిష్ వైపో కేబుల్ వైపో ఉంది. పట్టిక కూడా కనపడకపోతే ఇవతల వెతకాలి. చాలా ఇళ్లలో పిల్లలు టీవీ రిమోట్‌లో 'సోర్స్' మీట నొక్కి ఆటకు పోతారు. వైరు ఒక రంధ్రంలో ఉంటుంది, టీవీ ఇంకో రంధ్రం వైపు చూస్తూ కూర్చుంటుంది. వైరు పెట్టిన చోటు పేరు, ఏవీ అనో హెచ్.డి.ఎం.ఐ. అనో, వచ్చేదాకా ఆ మీటనే మళ్లీ మళ్లీ నొక్కాలి.

బాక్సు దీపమే వెలగకపోతే మొదట అనుమానించవలసింది దాని అడాప్టరును. మెరుపుల రాత్రి తరువాత ముందు పోయేది చాలాసార్లు అదే. బాక్సు మీదా, పాత అడాప్టరు మీదా ఎన్ని వోల్టులో, ఎన్ని యాంపియర్లో రాసి ఉంటుంది. ఎక్కువ బాక్సులకు 12 వోల్టులు. కొత్తది కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. యాంపియర్లు అంతకు తగ్గకూడదు, ఎక్కువైతే పరవాలేదు. కొత్త బాక్సు కొనమని ఎవరైనా అంటే ముందు పక్కింటి అడాప్టరు తెచ్చి, వోల్టులు సరిచూసుకుని తగిలించి చూడండి.

ఉత్తరం నుంచి ఆగ్నేయానికి

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. 1980లలో దేశమంతటా రిలే టవర్లు వేసిన దరిమిలా మన ప్రాంతానికి బొమ్మ విజయవాడ వైపు నుంచి వచ్చేది. తెనాలికి గానీ, రేపల్లెకు గానీ, బాపట్లకు గానీ విజయవాడ దాదాపు ఉత్తరానే ఉంది. అందుకని డాబాల మీద అల్యూమినియం కడ్డీల ఏంటెన్నాలన్నీ ఉత్తర ముఖంగా నిలబడేవి. తెనాలి దగ్గర, బాపట్ల దూరం. భూమి గుండ్రంగా ఉండటం వలన టవరు తరంగం దూరం పోయేకొద్దీ నేలను విడిచి పైపైన పోతుంది. అందుకే దూరపు ఊళ్లలో ఇనుప గొట్టం పొడుగు పెరిగింది, దానికి తోడు బూస్టరు వచ్చింది. ఒకరు పైన గొట్టం తిప్పుతుంటే కింద నుంచి ఇంకొకరు "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది" అని కేకలు వేయడం 1987లో రామాయణం సీరియల్ మొదలైన నాటి ఆదివారాల సందడి.

అప్పటి పద్ధతిలో బొమ్మకు ఒక తరంగం, మాటకు దానికి 5.5 మెగాహెర్ట్‌జ్ ఎడంగా మరో తరంగం. అందుకే బొమ్మ బాగుండి మాట గరగరలాడటం, మాట బాగుండి తెర నిండా చుక్కలు రాలడం మామూలుగా ఉండేది. మర తిప్పి రెండింటికీ రాజీ కుదిర్చేవారు. ఇప్పుడు బొమ్మా మాటా రెండూ అంకెలుగా మారి ఒకే తరంగం మీద కలిసి వస్తున్నాయి. సగంసగం రావడం అనేది లేదు. బలం చాలినంత ఉంటే అద్దంలా వస్తుంది. ఒక మట్టుకు తగ్గితే గళ్లుగళ్లుగా పగిలి ఆగిపోతుంది. కనుక బొమ్మ శుభ్రంగా ఉండి మాట ఒక్కటే లేదంటే డాబా ఎక్కి డిష్ తిప్పడం దండగ. మిగతా చానళ్లలో మాట వస్తోందేమో చూడండి. వస్తే లోపం ఆ చానలుది. ఎందులోనూ రాకపోతే లోపం మీ ఇంట్లోనే ఉంది.

నేల టవర్ల మీద నడిచే పాత పద్ధతి ప్రసారాలను దూరదర్శన్ 2022 నాటికి దేశంలో దాదాపు అన్నిచోట్లా నిలిపివేసింది. పాత ఏంటెన్నాను తుడిచి, కొత్త బూస్టరు కొని బిగించినా ఇక బొమ్మ రాదు. రాష్ట్రం విడిపోయిన 2014లో తెలంగాణకు డీడీ యాదగిరి ఏర్పడగా, సప్తగిరి పేరు విజయవాడ కేంద్రానికి దక్కింది. ఆ సప్తగిరి మన ఇంటికి రావాలంటే ఆకాశం నుంచి డిష్ ద్వారానో, తీగ ద్వారానో రావాలి.

దూరదర్శన్ వారి ఉచిత డిష్ 2004 డిసెంబరులో మొదలైంది. నెలనెలా రుసుము లేదు, కార్డు లేదు, రీఛార్జి లేదు. డిష్, బాక్సు, వైరు కొన్ననాటి ఖర్చే ఖర్చు. ఇప్పుడు ఆ ప్రసారం జీశాట్-15 అనే ఇస్రో ఉపగ్రహం నుంచి వస్తోంది. అది భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. మన ఊళ్ల నుంచి చూస్తే ఆగ్నేయ మూల, అందులోనూ కొద్దిగా దక్షిణానికి ఒరిగి ఉంటుంది. ఎత్తు సుమారు 66 డిగ్రీలు. ఆకాశం అంచు నుంచి నడినెత్తి దాకా నాలుగు పాళ్లు చేస్తే మూడో పాలు ముగిసేచోటికి కాస్త కిందగా అన్నమాట. ఉత్తరం వైపు చూసిన డాబాలు ఇలా ఆగ్నేయానికి తిరిగాయి. ప్రైవేటు డిష్‌ల వారిలో చాలామంది ఉపగ్రహాలు వేరే చోట్ల ఉన్నాయి. పక్కింటి డిష్ ఎటు చూస్తే మనదీ అటు తిప్పితే సరిపోతుందనుకోవద్దు.

ఇంకొక జాగ్రత్త. డిష్ పళ్లెం ముఖం ఉపగ్రహం ఉన్నంత పైకి చూస్తున్నట్టు కనపడదు. ఈ చిన్న డిష్‌ల తయారీయే అలాంటిది. తరంగం పైనుంచి ఏటవాలుగా పడి, పళ్లెం మీద చిట్లి, ముందుకు పొడుచుకువచ్చిన కడ్డీ చివరి బుడ్డిలో చేరుతుంది. దాన్నే ఎల్.ఎన్.బి. అంటారు. అంత పైకి చూడటం లేదని పళ్లేన్ని వెనక్కు వంచి ఉన్న బొమ్మ పోగొట్టుకోకండి.

ఉపగ్రహం అంత ఎత్తున ఉండటంలో మనకొక మేలుంది. దూరపు చెట్లు అడ్డం రావు. డిష్ కన్నా 40 అడుగులు పైకి లేచిన కొబ్బరిచెట్టయినా ఆగ్నేయాన 20 అడుగుల ఎడం ఉంటే కాండం అడ్డు కాదు. మట్ట చాచుకునే మేర ఇంకొంచెం వదలాలి. దగ్గర చెట్టుతోనే చిక్కు. గాలి లేనప్పుడు బొమ్మ బాగుండి, గాలి వీచినప్పుడల్లా పగులుతుంటే ఊగే మట్టను అనుమానించండి. ఊగే డిష్ గొట్టాన్ని కూడా.

ఏ కొమ్మ అడ్డమో తేల్చడానికి సూర్యుడు ఏటా రెండుసార్లు సాయం చేస్తాడు. మార్చి నెల నడుమ, మళ్లీ సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులపాటు ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనుకకు వస్తాడు. సంతలో మైకు పక్కన నిలబడి గుసగుసలాడినట్టు ఉపగ్రహం గొంతు సూర్యుడి హోరులో మునిగిపోయి కొద్ది నిమిషాలు బొమ్మ ఆగుతుంది. అది డిష్ తప్పు కాదు. ముట్టుకోవద్దు. ఆ వేళకు డాబా ఎక్కి డిష్ మీద నీడ పడుతోందేమో చూడండి. ఏ కొమ్మ నీడ పడితే ఆ కొమ్మే అడ్డం.

వాన సంగతి వేరు. ఈ తరంగాలు సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవువి. జోరువాన చినుకులు వాటిని మింగేస్తాయి. వాన తగ్గగానే బొమ్మ తిరిగి వస్తుంది. ఈలోగా ఆగలేక తడుస్తూ డాబా ఎక్కి డిష్ తిప్పినవారికి వాన వెలిశాక కూడా బొమ్మ ఉండదు. వెలిసి గంటయినా రాకపోతే అప్పుడు పిన్నులలో నీరు చేరిందని అర్థం.

ఉప్పుగాలి చేసే పని

సూర్యలంక నుంచి నిజాంపట్నం దాకా తీరపు ఊళ్లలో టీవీకి పెద్ద శత్రువు ఉప్పుగాలి. డిష్ పళ్లెం తుప్పుపట్టడం కంటికి కనపడుతుంది. కనపడనిది ఎల్.ఎన్.బి. దగ్గర వైరు బిగించే స్క్రూ పిన్ను. లోపల రాగి తీగ పచ్చగా చిలుము పడుతుంది. బయటి జాలీ నల్లబడి పొడి రాలుతుంది. వైరు పై తొక్కను ఉడుతలు కొరుకుతాయి, కాకులు పొడుస్తాయి. ఆ గంటులోంచి దిగిన నీరు లోపల దారాలా పాకుతూ ఇంట్లో బాక్సు దాకా వచ్చిన సందర్భాలున్నాయి.

దీనికి మందు చవక. ముందు బాక్సు ప్లగ్గు తీసేయండి. ఇది మరవకూడదు. బొమ్మ కిందికి వచ్చే ఆ వైరులోనే ఎల్.ఎన్.బి.కి కావలసిన కరెంటు, 13 లేదా 18 వోల్టులు, పైకి పోతుంటుంది. మనిషికి ప్రమాదం కాదు గానీ, పిన్ను విప్పేటప్పుడు జాలీ వెంట్రుక ఒకటి నడిమి తీగకు తగిలితే బాక్సు లోపలి భాగం కాలిపోవచ్చు. పిన్ను విప్పి, చిలుము పట్టిన ముక్కను నాలుగంగుళాలు కోసి, కొత్త రాగి తేలేదాకా తొక్క తీసి, కొత్త పిన్ను బిగించాలి. జాలీ వెంట్రుక ఒక్కటి కూడా నడిమి తీగను తాకకూడదు. పైన రబ్బరు తొడుగో టేపో గట్టిగా చుట్టాలి. వైరును కిటికీలోంచి లోపలికి తెచ్చేముందు బయట కిందికి ఒక వంపు ఇస్తే వాన నీరు ఆ వంపు దగ్గర జారి పడిపోతుంది, ఇంట్లోకి రాదు. మధ్యలో చేత్తో మెలిపెట్టిన అతుకులు ఎన్ని తగ్గితే అంత మంచిది. కరెంటు వైరు అతికినట్టు దీన్ని అతికితే సగం బలం అక్కడే పోతుంది.

మాట వినపడకపోతే

మాట సన్నగా ఉందని ఫిర్యాదు చేసే ఇళ్లలో తరచు కనపడేది రెండు రిమోట్ల తగాదా. బాక్సుకు ఒక వాల్యూం, టీవీకి ఒక వాల్యూం. బాక్సులో తక్కువగా ఉంచి టీవీలో చివరిదాకా పెంచితే మాటకన్నా గుర్రుమనే రొద ఎక్కువ వస్తుంది. బాక్సు వాల్యూం దాదాపు నిండుగా ఉంచి, హెచ్చుతగ్గులు టీవీ రిమోట్‌తో చేసుకోవాలి. మూడు రంగుల తీగలున్న ఇళ్లలో పసుపుది బొమ్మకు, తెలుపు, ఎరుపులు మాటకు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి తెల్లదీ ఎర్రదీ ఊడితే బొమ్మ ఉంటుంది, మాట పోతుంది. సన్నటి హెచ్.డి.ఎం.ఐ. వైరు ఉన్నచోట బొమ్మ వస్తూ మాట రాకపోతే బాక్సు సెట్టింగులలో ఆడియో దగ్గర 'డాల్బీ' బదులు 'పీసీఎం' పెట్టి చూడండి. తెలుగు చానలు హఠాత్తుగా వేరే భాషలో మాట్లాడుతుంటే భయపడవలసింది లేదు. రిమోట్‌లో ఆడియో లేదా భాష అనే మీట ఎవరో నొక్కారు, అంతే.

పెద్ద స్పీకర్లు తగిలించిన చోట ఎడతెగని గుయ్ మోత వస్తే బాక్సు వెనుక కేబుల్ పిన్ను విప్పి చూడండి. మోత ఆగితే కేబుల్ ఎర్తుకూ ఇంటి ఎర్తుకూ పొత్తు కుదరలేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌కు చెప్పి ఎర్తు సరిచేయించాలి. మోత పోతుంది కదా అని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. ప్రాణాలతో చెలగాటం అది. ఇక పెదవులు ముందు కదిలి మాట వెనుక వస్తుంటే తీగ లేని బ్లూటూత్ స్పీకరు వలన కావచ్చు.

ముసలివాళ్లు మాట వినపడటం లేదంటే చెవుడు అని కసురుతారు. ఎప్పుడూ అది నిజం కాదు. పాత టీవీలకు స్పీకర్లు ముందుకు చూసేవి. ఈ పలచటి టీవీలలో చిన్న స్పీకర్లు చాలావాటికి అడుగునో వెనుకో ఉంటాయి, మాట గోడకు తగిలి తిరిగి వస్తుంది. తాతకు కుర్చీ ముందుకు వేస్తే, లేదా చిన్న స్పీకరు ఒకటి తగిలిస్తే ఆయన చెవులు బాగుపడతాయి.

తీగ మీద వచ్చేవారికి రెండు మాటలు. గ్రామీణ కేబుల్ కూడా 2017 నాటికి అంకెల పద్ధతికి మారింది కనుక బాక్సు తప్పనిసరి. తెర మీద సిగ్నల్ లేదని వస్తే అది తీగ దోషం. ఆ చానలుకు చందా లేదని వస్తే అది డబ్బు లెక్క. రెంటినీ కలిపి మెకానిక్‌తో పోట్లాడి లాభం లేదు. దూరదర్శన్ నిర్ణీత చానళ్లను కేబుల్ వారు తప్పనిసరిగా ఇవ్వాలని 1995 నాటి కేబుల్ చట్టంలోనే ఉంది. అవి రాకపోతే అడగవచ్చు. 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయల మొదటి పథకంతో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తీగ లోపల ఉన్నది రాగి కాదు, వెంట్రుకంత గాజు. మేకుకు చుట్టి ముడివేస్తే వెలుగు అక్కడే కారిపోతుంది. ఆ పెట్టె మీద ఎర్రదీపం మిణుకుతుంటే తప్పు బయటి తీగలో ఉంది. లోపల మీటలు నొక్కి లాభం లేదు.

ఉచిత డిష్‌కు రీఛార్జి చేయిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే మోసమని గ్రహించండి. కొన్ని చానళ్లు మాయమయ్యాయంటే దానికి వేరే కారణం ఉంటుంది. ఆ డిష్‌లో ప్రైవేటు చానళ్ల చోట్లు ఏటా వేలం వేస్తారు, సాధారణంగా ఏప్రిల్ నుంచి వరుస మారుతుంది. బాక్సు మెనూలో వెతికే పని మళ్లీ ఒకసారి చేయిస్తే కొత్త వరుస వస్తుంది. పాత ఎంపెగ్-2 బాక్సుకు ఎంపెగ్-4లో వచ్చే చానళ్లు కనపడవు. అవి కావాలంటే మాత్రమే కొత్త బాక్సు కొనాలి.

గాలివాన వేళ

టీవీ ఉబుసుపోకకే అయితే ఇంత రాయనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను, రేపల్లె తీరాన్ని ముంచిన ఉప్పెన నాటికి హైదరాబాద్ దూరదర్శన్ వయసు నెల కూడా నిండలేదు. ఆ ప్రసారం మన తీరానికి అందేదీ కాదు. వేలాది ప్రాణాలు పోయాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రోజుల ముందు నుంచే అది ఎటు వస్తోందో టీవీలో బొమ్మ గీసి చూపించారు. అలాంటి వేళ ఒక చిలుము పట్టిన పిన్ను వలన తెర నల్లగా ఉండటం ఎంత దండగ. అయితే గాలి మొదలయ్యాక కరెంటు తీసేస్తారు, టీవీని నమ్ముకోలేం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక గ్రామాలవారికి ఆ సంగతి తెలుసు. బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో, చార్జింగు నిండిన ఫోను ఇంట్లో ఉండాలి. ఉరుములు మొదలుకాకముందే ప్లగ్గుతోపాటు డిష్ వైరు, కేబుల్ వైరు కూడా బాక్సు నుంచి విప్పెయ్యాలి. ప్లగ్గు ఒక్కటి తీస్తే చాలదు. పిడుగుపాటు విద్యుత్తు డిష్ వైరు మీదుగా కూడా దిగుతుంది.

తుపాను సూచన వినగానే డిష్ బోల్టులు బిగుతుగా ఉన్నాయేమో చూసుకోవాలి. తుప్పుపట్టి వదులైతే పళ్లెం విప్పి కిందికి దించడం మేలు. దించేముందు గొట్టం మీద, మెడ దగ్గర సున్నంతోనో రంగుతోనో గీత పెట్టుకుంటే, తిరిగి బిగించేటప్పుడు గీతలు కలిపితే చాలు, బొమ్మ వచ్చేస్తుంది.

అంతకన్నా ముందు దించవలసినవి పనికిరాకుండా డాబాల మీద మిగిలిపోయిన పాత ఏంటెన్నా గొట్టాలు. వాటి బిగింపు తీగలు ఏనాడో తుప్పుపట్టాయి. గొట్టం పడితే వీధిలో కరెంటు తీగల మీద పడుతుంది, ఆ ఇంటి మెట్ల ఇనుప కమ్మీ దాకా కరెంటు పాకుతుంది. దాన్ని ఒక్కరే దించబోవద్దు, తడిలో అసలే వద్దు. గొట్టం పొడుగంత దూరంలో కరెంటు తీగ ఏదైనా ఉంటే ముందు లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాలి. మోకు కట్టి, ఇద్దరు ముగ్గురు పట్టుకుని, తీగలు లేని వైపుకు మెల్లగా వాల్చాలి. గొట్టం దించాక డాబా మీద మిగిలిన రంధ్రాన్ని సిమెంటుతో పూడ్పించాలి, లేకపోతే వచ్చే వానకు స్లాబు కారడం మొదలవుతుంది.